40 మందికి ఒప్పుకున్న కేక్ 120 మందికి అయింది

పేరు, ఊరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే పంపారు. ఆవిడ ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడు ఇంట్లో కేకులు చేస్తుంటారు. చాక్లెట్ కేక్ బాగా చేస్తారని ఇంట్లో పేరు. మామగారి 70వ పుట్టినరోజు వస్తోంది. రెండు నెలల కిందట అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అత్తగారు, “కేక్ బయట నుంచి ఎందుకు? మన కోడలు చేస్తుందిగా” అన్నారు. అప్పటి లెక్క 40 మంది. ఈవిడ సంతోషంగానే సరేనన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరి పేరూ చేరుతూ 60 అయింది, 90 అయింది, ఇప్పుడు 120 దగ్గర ఆగింది. దానికి తగ్గట్టు హాలు మార్చారు, భోజనాల ఏర్పాటు మార్చారు. కేక్ సంగతి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అది కోడలి ఖాతాలో పడిపోయింది కదా!

ఇంకా 16 రోజులు ఉంది. కంగారులో మొన్న ఆదివారం ఆవిడ ఒక ప్రయోగం చేశారు. ఎప్పుడూ రెండు 8 అంగుళాల గిన్నెల్లో చేసే కొలతను రెట్టింపు చేసి, మొత్తం పిండిని ఒకే 10 అంగుళాల లోతు గిన్నెలో పోశారు. గంటకు పైగా కాల్చినా నడుమ పచ్చిగానే ఉంది. అంచులు మాత్రం గట్టిపడిపోయాయి. బయటికి తీయగానే మధ్యలో కుంగింది. దానికి తోడు పాత బాధలు రెండు. కిందటేడు ఒక వేడుకలో ఆవిడ పూసిన విప్డ్ క్రీమ్ వేడికి పక్కలకి జారిపోయింది. అంతకుముందు ఇంకోసారి ఫ్రిజ్‌లోంచి తీసి అప్పటికప్పుడు పెట్టిన కేక్ తిని తోడికోడలు అందరి ముందూ “కాస్త ఎండిపోయినట్టుందే” అన్నారట. ఇప్పుడు ఆవిడే “నేను సాయం వస్తాలే” అంటుంటే ఈవిడకు ఒళ్లు మండుతోంది. భర్తకు చెప్పుకుంటే “చేయలేకపోతే చెప్పేయొచ్చుగా, దీనికింత టెన్షన్ ఎందుకు” అంటున్నారు. సామాన్ల ఖర్చు ఎవరిదని అడగడానికి మొహమాటం. ఉత్తరం చివర, కేక్ మీద అక్షరాలు రాయాలంటే చేయి వణుకుతుందని ఇంకో భయం.

ఆవిడ ప్రశ్న ఇది: “ఇప్పుడు కాదంటే అత్తయ్యగారి మాట పోతుంది. చేసి పాడు చేస్తే నా పరువు పోతుంది. చేయనా, మానేయనా? చేస్తే అంత పెద్ద కేక్ ఇంట్లో ఎలా అవుతుంది?”

అమ్మా, మీరు రాసినదాంట్లో సగం ఓవెన్ సమస్య, సగం ఇంటి సమస్య. రెండూ కలిసిపోవడం వల్ల ఏదీ తేలడం లేదు. ముందు ఓవెన్ సంగతి చూద్దాం. అది తేలితే, ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో దానంతటదే కొంత స్పష్టమవుతుంది.

ఆదివారం కేక్ ఎందుకు పాడైందో చెబుతాను. అందులో మీ చేతి లోపం ఏమీ లేదు. 8 అంగుళాల గుండ్రటి గిన్నె అడుగు వైశాల్యం దాదాపు 50 చదరపు అంగుళాలు. మీ మామూలు కొలత అలాంటి గిన్నెలు రెండింటికి, అంటే 100 చదరపు అంగుళాలకు సరిపోతుంది. రెట్టింపు చేస్తే 200 కావాలి. మీరు వాడిన 10 అంగుళాల గిన్నె వైశాల్యం 78 మాత్రమే. అంటే పిండి మామూలు కంటే రెండున్నర రెట్లు మందంగా నిలబడింది. వేడి ముందు గిన్నె అంచులకు తగిలి, అక్కడి నుంచి లోపలికి వెళ్లాలి. అంత మందంలో అది నడుమకు చేరేసరికి అంచులు మాడతాయి. పొంగిన పిండి గట్టిపడకముందే బయటికి తీస్తే కుంగుతుంది. ఎంత అనుభవం ఉన్నవాళ్లు చేసినా ఆ గిన్నెలో అదే జరిగేది.

ఇప్పుడు ఈ లెక్కనే తిరగేయండి. 9×13 అంగుళాల ట్రే వైశాల్యం 117 చదరపు అంగుళాలు. మీ రెండు గిన్నెల కొలత ఆ ట్రేలో దాదాపు సరిగ్గా పడుతుంది, మందం కాస్త తగ్గుతుందంతే. మీ ఓవెన్ లోపల 15 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు ఉందని రాశారు. చుట్టూ గాలి తిరగడానికి కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి, అది ఉంటుంది. అలాంటి ట్రేని పొడవున 6, అడ్డంగా 4 చొప్పున కోస్తే సుమారు రెండేసి అంగుళాల ముక్కలు 24 వస్తాయి. ఐదు ట్రేలు చేస్తే 120 ముక్కలు. భోజనం తర్వాత, చాక్లెట్ పూత ఉన్న కేక్ అంతకంటే పెద్ద ముక్క పెడితే సగం ప్లేట్లలోనే మిగులుతుంది.

అంటే మీ కొలత ఒక్క గ్రాము కూడా పెంచక్కర్లేదు. అదే కేక్‌ని ఐదుసార్లు చేస్తే చాలు. “అంత పెద్ద కేక్” అన్నారు చూడండి, మిమ్మల్ని భయపెడుతున్నది ఆ బొమ్మే. వచ్చినవాళ్లలో ప్రతి ఒక్కరూ తినేది ఒక ముక్క. పెద్ద కేక్‌గా కనిపించాల్సింది మామగారు కత్తి పట్టుకున్న ఆ కాసేపే, అదీ ఫొటో కోసం. దానికి మీరు ఎప్పుడూ చేసే 8 అంగుళాల రెండు పొరల కేక్ చాలు. అది టేబుల్ మీద ఉంటుంది, ట్రేలు లోపల ఉంటాయి. పెద్ద విందుల్లో చాలాచోట్ల జరిగేది ఇదే. బయటికి కనిపించదు కాబట్టి మనకు తెలియదు.

ఇక మీ ముందున్న దారులు.

మొత్తం మీరే చేయడం ఒకటి. ఐదు ట్రేలు, ఒక చిన్న కేక్. ఒక్కో ట్రేకి కాలడానికి, ఓవెన్ మళ్లీ వేడెక్కడానికి కలిపి ముప్పావు గంట పైనే పడుతుంది. ఉద్యోగం చేసేవాళ్లు రెండు సాయంత్రాలు దానికే ఇవ్వాలి, పూతకి రెండో రోజు రాత్రి కూడా. తృప్తి మాత్రం పూర్తిగా మీదే. అలసట కూడా మీదే. వేడుక రోజు చీర కట్టుకుని నలుగురితో నవ్వుతూ తిరిగే ఓపిక మిగులుతుందా అన్నది మీరే చూసుకోవాలి. కొందరికి ఆ పనే ఉత్సాహాన్నిస్తుంది. ఉత్తరం చదివితే మీరూ ఆ కోవలోవారే అనిపించింది, కానీ నా అంచనా తప్పు కావచ్చు.

కోసే కేక్ మీరు చేసి, మిగతా ముక్కలు బయట ఆర్డర్ ఇవ్వడం రెండో దారి. పని నాలుగో వంతుకు తగ్గుతుంది. అత్తగారి మాటా నిలబడుతుంది, మామగారు కోసింది కోడలు చేసిన కేకే కదా. ఇబ్బంది ఎక్కడంటే, రుచులు రెండూ ఒకలా ఉండవు. బయటి ముక్క బాగుంటే మీకు చురుక్కుమంటుంది. బాగోకపోతే అది మీరు చేసిందే అనుకుంటారు. ఈ దారి ఎంచుకుంటే ఆ విషయం ముందే అందరికీ తెలిసేలా చెప్పేయండి, దాచకండి.

పూర్తిగా మానుకోవడం మూడోది. ఇది ఓటమి కాదు. కానీ ఎప్పుడు చెబుతారన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. ఈ వారంలో చెబితే అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉంటారేమో, ఆ తర్వాత ఆర్డర్ ఇచ్చే హడావిడిలో పడిపోతారు. వేడుకకు రెండు రోజుల ముందు చెబితే మాత్రం ఆ మాట ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అందుకని వచ్చే ఆదివారం ఒక్క ట్రే చేయండి, ఒక్కటే. అది కుదిరితే ముందుకెళ్లండి, కుదరకపోతే సోమవారమే చెప్పేయండి. మీ ఆయన “చెప్పేయొచ్చుగా” అన్నది పట్టించుకోనట్టుగా అన్నా, ఆ మాటలో తప్పు లేదు. ఏ రోజుకి చెప్పాలో ఆయన చెప్పలేదు, అంతే.

ఏ దారి పట్టినా అత్తగారితో ఒకసారి మాట్లాడక తప్పదు. మీరు ఒప్పుకున్నది 40 మందికి. 120 మందికి చేస్తావా అని మిమ్మల్ని ఎవరూ అడగలేదు, మీరు ఒప్పుకోనూలేదు. ఇందులో ఆవిడ దురుద్దేశం ఉందనుకోను. 40 మందికి చేసేవాళ్లకు 120 మందికి చేయడానికి ఏమవుతుందో కేక్ చేయనివాళ్లకు తెలియదు. ఫిర్యాదులా కాకుండా, ఏర్పాట్ల గురించి మాట్లాడుతున్నట్టే చెప్పండి: “అత్తయ్యా, మనం అనుకున్నప్పుడు 40 మంది, ఇప్పుడు 120 అయ్యారు కదా. మామయ్యగారు కోసే కేక్ నేను చేస్తాను. మిగతావాళ్లకి అదే కేక్ ట్రేల్లో చేసి ముక్కలు కోసి పెడదామనుకుంటున్నాను. మూడంతస్తుల కేక్ మాత్రం మన ఓవెన్‌లో కాదు. మీరేమంటారు?” ఆవిడ మనసులో మూడంతస్తుల కేకే ఉంటే ఆ సంగతి ఇప్పుడే బయటపడుతుంది. అది ఇప్పుడు తెలియడమే మంచిది.

ఖర్చు విషయం మీ ఆయనకు వదిలేయండి. వేడుక ఖర్చుల జాబితా ఎలాగూ ఎవరో ఒకరు రాస్తూ ఉంటారు. అందులో “కేక్ సామాన్లు” అని ఆయన ఒక వరుస చేర్పిస్తే సరిపోతుంది. మీరు చేయాల్సింది సామాన్ల చీటీ రాసి ఇవ్వడం.

ఆ చీటీలో ఏముండాలో చెప్పేముందు, మీ తోడికోడలి మాట. అందరి ముందూ అలా అనడం ఆవిడకు తగదు. అయితే కేక్ కూడా ఆరోజు నిజంగానే గట్టిగా ఉండి ఉంటుంది. మీరు వెన్నతో చేస్తానన్నారు. వెన్న ఫ్రిజ్ చలికి గడ్డ కడుతుంది, దాంతో కేక్ నోట్లో పొడిగా, బిరుసుగా తగులుతుంది. అదే కేక్ రెండు గంటలు బయట ఉంచి పెట్టి ఉంటే ఆవిడకు ఆ మాట అనే అవకాశమే వచ్చేది కాదు. కాబట్టి ఆ మాటని మీ చేతి మీద తీర్పుగా మోయకండి. ఆవిడ సాయానికి వస్తానంటున్నారు. రానివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. రానిస్తే వంటింట్లో పిండి కలిపేటప్పుడు కాదు. హాల్లో ముక్కలు కోసి పంచే పని మొత్తం ఆవిడకు అప్పగించండి. అది పెద్ద పని, నలుగురికీ కనిపించే పని. మీకు ఆ గంట ఖాళీ దొరుకుతుంది. వద్దనుకుంటే “అంతా అయిపోయిందక్కా, మీరు మామయ్యగారి దగ్గర ఉండండి” అంటే చాలు. కారణాలు చెప్పక్కర్లేదు.

ఇక కేక్ దగ్గరికి వద్దాం. ట్రేలకు వెన్న బదులు నూనెతో చేసే రకం ఎంచుకోమంటాను. నూనె చలికి గడ్డకట్టదు కాబట్టి ముందు రోజుల్లో చేసి ఉంచినా కేక్ మెత్తగా ఉంటుంది. నిజానికి చాక్లెట్ కేక్ మర్నాడే ఇంకా బాగుంటుంది. ఒక ట్రేకి ఈ కొలత చాలా ఇళ్లలో వాడేదే: మైదా 250 గ్రాములు, చక్కెర 400, కోకో 70 గ్రాములు, బేకింగ్ సోడా ఒకటిన్నర టీస్పూన్, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, ఉప్పు ఒక టీస్పూన్, గుడ్లు 2, పాలు 240 మిల్లీలీటర్లు, నూనె 120, వెనిలా 2 టీస్పూన్లు, చివర్లో మరిగే నీళ్లు 240 మిల్లీలీటర్లు. పిండి నీళ్లలా పలచగా ఉంటుంది. చూసి కంగారుపడి మైదా కలపకండి, అది అలాగే ఉండాలి. వేడి నీళ్లు కోకో రుచిని బయటికి తెస్తాయి. నీళ్ల బదులు పాలు కలపని వేడి కాఫీ డికాషన్ పోస్తే చాక్లెట్ రుచి ఇంకా గట్టిగా తెలుస్తుంది, కాఫీ రుచి మాత్రం పెద్దగా పైకి రాదు.

కోకో డబ్బా మీద ఒకసారి చూడండి. మామూలు కోకోకి సహజంగా పులుపు గుణం ఉంటుంది, సోడా దానితో కలిసి పొంగుతుంది. ‘డచ్ ప్రాసెస్డ్’ అని ఉంటే ఆ పులుపు తీసేసిందని అర్థం. కోకో గింజల నుంచి కొవ్వు పిండి పొడి చేసే పద్ధతికి 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం పేటెంట్ తీసుకుంది. పొడి పులుపును క్షారంతో తగ్గించే ఈ పద్ధతి కూడా వాళ్ల పేరు మీదే ప్రచారంలోకి వచ్చింది. పులుపు తీసిన కోకో రంగు బాగా ముదురుగా వస్తుంది, కానీ సోడా ఎక్కువ ఉన్న కొలతలో దాన్ని వాడితే సోడా మిగిలిపోయి సబ్బు రుచి తగలొచ్చు. పై కొలతకు మామూలు కోకో వాడండి. ఐదు ట్రేలకూ ఒకే కంపెనీ కోకో కొనండి, లేకపోతే ముక్కల రంగులు పక్కపక్కన తేడాగా కనిపిస్తాయి.

ఒకేసారి ఐదు ట్రేల పిండి కలిపేస్తే పని తగ్గుతుందనిపిస్తుంది. అలా చేయొద్దు. సోడా తడి తగిలిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది. మొదటి ట్రే కాలేలోపు మిగతా పిండిలో గాలి బుడగలు చాలావరకు పోతాయి, ఐదో ట్రే చపటగా వస్తుంది. పైగా అంత పిండిని కలపడానికి ఎక్కువసేపు తిప్పాలి, అప్పుడు మైదా సాగి కేక్ రబ్బరులా అవుతుంది. దీనికి తేలిక ఉపాయం ఉంది. ముందు రోజే పొడి సామాన్లన్నీ ఐదు డబ్బాల్లో విడివిడిగా తూచి పెట్టుకోండి. ఒక ట్రే ఓవెన్‌లో ఉండగా తర్వాతి దానికి గుడ్లు, పాలు, నూనె కొలిచి పెట్టుకుని, ఓవెన్ ఖాళీ కాబోయే ముందు కలపండి. కప్పులతో కాకుండా తూకం మిషన్‌తో కొలవండి. కప్పు నింపే తీరును బట్టి ఒక కప్పు మైదాలో 20, 30 గ్రాముల తేడా మామూలే. ఒక కేక్‌కి అది తెలియదు, పక్కపక్కన పెట్టిన ఐదింటికి తెలుస్తుంది.

ఓవెన్ 170 డిగ్రీల సెల్సియస్‌లో పదిహేను నిమిషాలు ముందే వేడెక్కాలి. ట్రే మధ్య అరలో ఉండాలి. అడుగున బటర్ పేపర్ వేయండి. మొదటి పాతిక నిమిషాలు తలుపు తీయకండి. ఆ తర్వాత ఒకసారి ట్రేని వెనక వైపు ముందుకు వచ్చేలా తిప్పండి, ఎందుకంటే ఇంటి ఓవెన్లలో ఏదో ఒక మూల ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది. 30 నిమిషాల నుంచి పరీక్షించండి. టూత్‌పిక్ మధ్యలో గుచ్చి తీస్తే తడి పిండి అంటకూడదు, నాలుగు మెత్తటి కేక్ రేణువులు అంటుకోవాలి. పూర్తిగా శుభ్రంగా వచ్చేదాకా ఆగితే చాక్లెట్ కేక్ అప్పటికే ఎండిపోయినట్టు. ఇది ముదురు రంగు కేక్ కాబట్టి కాలిందో లేదో రంగు చూసి చెప్పలేం.

ఇంకో శుభవార్త. ట్రేల కేక్‌ని బోర్లించి తీయక్కర్లేదు. ట్రేలోనే చల్లారనిచ్చి, ట్రేలోనే పైన పూత పూసి, ట్రేలోనే హాలుకు తీసుకెళ్లి, అక్కడే కోయొచ్చు. విరిగిపోవడం, పక్కలు నున్నగా రాకపోవడం లాంటి సగం భయాలు దీంతో పోతాయి. ఐదు ట్రేలు లేకపోతే మూతలున్న అల్యూమినియం ఫాయిల్ ట్రేలు వాడండి. అవి పలచగా వంగుతాయి కాబట్టి కింద ఒక గట్టి బేకింగ్ పళ్లెం పెట్టి ఓవెన్‌లోకి ఎక్కించాలి.

పూత గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కిందటేడు జారిపోయింది ఇక్కడే కాబట్టి.

విప్డ్ క్రీమ్ అంటే పాల కొవ్వు పట్టి ఉంచిన గాలి. కొవ్వు మెత్తబడగానే గాలి వదిలేస్తుంది, మొత్తం జారుతుంది. వేడిగా ఉండే హాల్లో అది నిలవదు. భద్రత కోసమైనా దాన్ని ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. 120 మంది వేడుక టైముకు మొదలవుతుందని ఎవరు హామీ ఇస్తారు? దాన్ని పక్కన పెట్టేయండి. వెన్న, ఐసింగ్ షుగర్ కలిపి చేసే బటర్‌క్రీమ్ దానికంటే గట్టిది. వెన్నకు రెట్టింపు తూకం షుగర్ పడుతుంది. పూయడం తేలిక, పూలు కూడా వేయొచ్చు. కానీ ట్రే అంతా అదే పూస్తే నాకైతే తీపి మరీ ఎక్కువ అనిపిస్తుంది, పెద్దవాళ్లు సగం గీకి పక్కన పెడతారు. పైగా గది బాగా వేడెక్కితే అదీ మెత్తబడుతుంది.

నా ఓటు గనాష్‌కి. చాక్లెట్, క్రీమ్, అంతే. చల్లటి రోజులైతే రెండూ సమాన తూకం. హాలు వెచ్చగా ఉంటుందనుకుంటే క్రీమ్ ఒక వంతుకు చాక్లెట్ ఒకటిన్నర వంతు తీసుకోండి, గట్టిగా నిలబడుతుంది. ఒక ట్రే పైభాగానికి పావంగుళం మందం పూయడానికి దాదాపు అర కేజీ గనాష్ కావాలి. ఐదు ట్రేలకు రెండున్నర కేజీలు, అంటే చాక్లెట్ కేజీన్నర, క్రీమ్ ఒక కేజీ. కోసే కేక్‌కి మధ్యలో, పైన, పక్కలా కలిపి ఇంకో ముప్పావు కేజీ వేసుకోండి. క్రీమ్‌లో కొవ్వు కనీసం 25 శాతం ఉండాలి, తక్కువైతే గనాష్ సరిగా కట్టదు.

చాక్లెట్ సన్నగా తరగండి. క్రీమ్‌ని అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడి చేసి దాని మీద పోయండి, తెర్లనివ్వకండి. మూడు నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, నడుమ నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా కలపండి. నూనె విడిపోయి గింజలు గింజలుగా కనిపిస్తే పారేయకండి. ఒక చెంచా గోరువెచ్చని పాలు పోసి గట్టిగా గిలకొడితే చాలాసార్లు మళ్లీ కలిసిపోతుంది. వేడి గనాష్ పూయడానికి పనికిరాదు. కొన్ని గంటలు బయటే చల్లారి, చెంచాతో తీస్తే జారకుండా నిలబడే దశకు రావాలి. ఫ్రిజ్‌లో పెట్టి తొందరపెడితే చుట్టూ గట్టి, నడుమ పలచన అవుతుంది.

ఏ చాక్లెట్ అంటారా? అసలు చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ ఒంటి వేడికే కరుగుతుంది, ఆ నున్నటి రుచి అందుకే. కంపౌండ్ చాక్లెట్‌లో దాని బదులు వేరే కొవ్వు ఉంటుంది. అది ఖర్చు తక్కువ, వేడికి కాస్త ఎక్కువ ఆగుతుంది, కానీ నాలుక మీద మైనంలా మిగులుతుంది. నేనైతే ఖర్చు కుదిరితే అన్నిటికీ అసలుదే వాడమంటాను. కుదరకపోతే కోసే కేక్‌కి మాత్రమైనా.

కోసే కేక్ మీరు మామూలుగా చేసే వెన్న కేకే కావచ్చు, లేదా పై కొలతనే రెండు 8 అంగుళాల గిన్నెల్లో సగం సగం పోయొచ్చు. వెన్నదైతే వేడుకకు రెండు గంటల ముందే ఫ్రిజ్ బయట ఉండాలి. ఆ పాఠం మీకు ఎలాగూ నేర్పేశారు. పూర్తిగా చల్లారాకే పూత మొదలుపెట్టండి. ముందు చాలా పలచగా ఒక పొర పూసి, ఊడిన పొడి అంతా అందులో అతుక్కున్నాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఆ పైన అసలు పొర వేస్తే నున్నగా వస్తుంది.

అతిథుల్లో గుడ్డు తిననివాళ్లు ఎంతమందో, దేనికైనా అలర్జీ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అవసరమైతే ఒక ట్రే గుడ్డు లేకుండా, సోడాతో పాటు వెనిగర్ ఒక టేబుల్ స్పూన్ పడే కొలతతో చేసి, మూత మీద పెద్దగా రాసి, దానికి వేరే కత్తి పెట్టండి. గింజలు, పప్పులు ఏ ట్రే మీదా చల్లకపోవడమే నయం.

రోజులు ఇలా పంచుకుంటే సరిపోతుంది. వేడుకకు రెండు రోజుల ముందు సాయంత్రం మూడు ట్రేలు, మర్నాడు మిగతావి. చల్లారాక క్లింగ్ ఫిల్మ్‌తో గాలి చొరకుండా చుట్టేయండి, బయట ఉంచినా ఫర్వాలేదు. గనాష్ రెండో రోజు పొద్దున ఆఫీసుకు వెళ్లే ముందు చేసి మూత పెడితే రాత్రికి పూయడానికి సిద్ధంగా ఉంటుంది. ఫ్రీజర్‌లో చోటుంటే ట్రేలు రెండు వారాల ముందు కూడా చేసుకోవచ్చు, కానీ కరిగేటప్పుడు చుట్టిన ఫిల్మ్ విప్పకుండా ఉంచాలి, అప్పుడు నీటి బొట్లు ఫిల్మ్ మీదే పడతాయి. పూసిన ట్రేలు వేడి రోజులైతే ఫ్రిజ్‌లో, కాకపోతే చల్లటి గదిలో. గిన్నెలు కడగడం, ట్రేలు బండిలో చేర్చడం మీ ఆయన వంతు. “టెన్షన్ ఎందుకు” అన్నవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు. ట్రేలు సీటు మీద వద్దు, బండి అడుగున సమతలంగా, జారకుండా కింద రబ్బరు చాప వేసి పెట్టాలి. కోసే కేక్ వెంట ఒక చిన్న డబ్బాలో మిగిలిన గనాష్, ఒక చాకు తీసుకెళ్లండి. దారిలో ఎక్కడైనా తగిలితే రెండు నిమిషాల్లో సర్దేయొచ్చు.

ముక్కలు కోసేవాళ్లకు వేడి నీళ్ల గిన్నె, ఒక బట్ట ఇవ్వండి. కత్తిని ముంచి, తుడిచి, కోయాలి, ప్రతి కోతకూ. ట్రేలు అన్నీ ఒకేసారి కోసేయొద్దు. కోసిన వైపులు గాలికి ఆరిపోతాయి. ఒకటి అయిపోవస్తుండగా ఇంకోటి.

చివరికి అక్షరాల సంగతి. కేక్ మీద నేరుగా రాయకండి. ఒక బటర్ పేపర్ మీద కరిగించిన చాక్లెట్‌ని అరచేతి వెడల్పున పలచగా పరిచి గట్టిపడనివ్వండి. వైట్ చాక్లెట్ కరిగించి, కాగితం పొట్లంలో పోసి, దాని కొసని సన్నగా కత్తిరించి, ఆ పలక మీద రాయండి. తెలుగు అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ కాబట్టి పొడుగు వాక్యాలు పెట్టుకోకండి, “నాన్నగారికి 70” చాలు. రెండు మూడు పలకలు చేసి, వాటిలో బాగా వచ్చినదాన్ని వేడుక రోజు కేక్ మీద ఆనించండి. చెడిపోయినవి పిల్లలకు ఇచ్చేయండి.